ముఖం కడుక్కోడానికి ఇంట్లో చేసుకునే పొడి: బోరు నీళ్లకి ఏది పనికొస్తుంది?

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

అందరికీ నమస్కారం. మేముండేది ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర్లో అద్దె ఇంట్లో, వాడకానికి బోరు నీళ్లే. సబ్బుతో ముఖం కడిగితే కాసేపటికే బుగ్గలు బిగుసుకుపోతాయి. ముక్కు మీద, నుదుటి మీద మాత్రం మధ్యాహ్నానికే నూనె తేలిపోతుంది. ట్యూబుల్లో దొరికే ఫేస్‌వాష్‌లు మార్చి మార్చి విసుగొచ్చింది.

ఇంట్లోనే ఏదైనా చేసుకుందామంటే ఫోన్‌లో ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తున్నారు. ఒకావిడ నిమ్మరసంలో వంటసోడా కలపమంటుంది. ఇంకొకావిడ కలబంద గుజ్జులో విటమిన్ ఈ మాత్ర పిండి, సీసాలో పోసి నెలంతా వాడమంటుంది. పొద్దున్నే డ్యూటీకి పరిగెత్తేదాన్ని, రోజూ నూరుకుంటూ కూర్చోలేను. మీ ఇళ్లల్లో నిజంగా వాడుతున్నది చెప్పండి. చిన్న చిన్న మొటిమలున్నాయి, పెద్దవి లేవు.

రాజాం పెద్దమ్మ (రాజాం)

దీనికి టెన్షన్ ఏటమ్మా. సున్నిపిండి పట్టించుకో. కిలో పచ్చపెసలు, పావుకిలో పచ్చిశనగపప్పు, గుప్పెడు బియ్యం, నాలుగు కస్తూరి పసుపు కొమ్ములు. వట్టివేళ్లు, తుంగముస్తెలు, గంధకచ్చూరాలు, బావంచాలు తలా కొంచెం. ఎండిన గులాబీ రేకులుంటే అవీ వెయ్యి. పప్పులు వేయించకు, ఎండబెట్టు. చేత్తో కలిపితే గలగలమనాలి.

మరకి ఎప్పుడు పడితే అప్పుడు వెళ్లకు. కారం ఆడించినాక అసలు వెళ్లకు. బియ్యప్పిండో మినప్పిండో ఆడాక నీ వంతు పెట్టమను. అప్పుడు కూడా మొదట రాలే గుప్పెడు పిండి పక్కకి తీసెయ్, అది నీది కాదు, నీకన్నా ముందొచ్చినవాళ్లది.

కోట జంక్షన్ కుర్రాడు (విజయనగరం)

పెద్దమ్మగారు చెప్పిన కారం ముక్క నిజం. మా అన్నయ్య పెళ్లికి నలుగు పెడితే బుగ్గలు ఎర్రగా మెరిసిపోతున్నాయి, పెళ్లికళ వచ్చేసిందని అందరూ మురిసిపోయారు. అది కళ కాదు, మరలో మిగిలిన కారం. ఫోటోల్లో మాత్రం బాగా పడ్డాడు.

సైన్సు మాస్టారు (బొబ్బిలి)

ముందు నిమ్మరసం, వంటసోడా సంగతి తేల్చేద్దాం. మన చర్మం పైపొరకి కొంచెం ఆమ్లగుణం ఉంటుంది, పీహెచ్ సుమారు 4.5 నుంచి 5.5 దాకా (ఈ కొలతలో 7 కన్నా తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం). మామూలు సబ్బు బిళ్ల నురగ 9, 10 దగ్గర ఉంటుంది. వంటసోడా నీళ్లు 8 దాటుతాయి. నిమ్మరసం 2కి కొంచెం పైన. అంటే ఒకటి అటు చివర, ఒకటి ఇటు చివర. రెండూ కలిపితే బుసబుసా పొంగుతుంది కాబట్టి మురికి పోతోందనుకుంటారు. బయటికి పోయేది కార్బన్ డయాక్సైడ్, మురికి కాదు. ఆ పొంగు చల్లారాక మిగిలే నీళ్లలో ఏ కొలతా ఉండదు. ఓ రోజు పులుపు ఎక్కువ, ఓ రోజు సోడా ఎక్కువ.

సబ్బుకి క్షారగుణం ఉందని తెలుసుకోడానికి ల్యాబ్ అక్కర్లేదు. చీర మీద పులుసు మరక పడితే సబ్బు రుద్దగానే ఎర్రగా మారుతుంది చూశారా? పసుపుకి క్షారం తగిలితే అంతే. పసుపుకి సున్నం కలిపితే పారాణి అయ్యేదీ అందుకే. పెసరపిండిలో చిటికెడు పసుపు వేసి తడిపి చూడండి, పసుపు పసుపుగానే ఉంటుంది. మా పిల్లల చేత పీహెచ్ కాగితంతో కూడా చూపించాను, పెసరపిండి జావ 6, 7 మధ్య రంగు చూపించింది. చర్మానికి సరిగ్గా సరిపోయిందని అనను గానీ సబ్బు కన్నా చాలా దగ్గర.

ఇక బోరు నీళ్లు. వాటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. సబ్బు వాటితో కలిసి నీళ్లలో కరగని తెట్టులా తయారవుతుంది. మీ స్నానాల బకెట్ లోపలి అంచున వేలితో గీస్తే వచ్చే తెల్లటి జిడ్డు అదే. ముఖం ఎంత కడిగినా ఆ తెట్టు కొంత మిగిలిపోతుంది. బుగ్గలు బిగుసుకోడానికి సబ్బు క్షారం సగం కారణమైతే ఇది మిగతా సగం. పిండితో ఈ గొడవ లేదు.

పిండి మురికెలా తీస్తుందని అడిగేవాళ్లకి: పప్పు కుండ పొంగుకొచ్చినప్పుడు పైన తెల్లటి నురగ తేలుతుంది కదా, అందులో పప్పు మాంసకృత్తులతో పాటు సాపోనిన్లు అనేవి కొంచెం ఉంటాయి. కుంకుడుకాయలో నురగ తెప్పించేవీ అవే, కాకపోతే అక్కడ చాలా ఎక్కువ. వాటికి తోడు పిండి రేణువులు జిడ్డుని పీల్చుకుంటాయి.

ఫార్మసీ తమ్ముడు (విజయనగరం)

మాస్టారు చెప్పినదానికి ఇంకోటి. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్తే కొందరికి కాలినట్టు మచ్చలు పడతాయి. అది అలర్జీ కాదు, నిమ్మజాతి కాయల్లో ఉండే కొన్ని పదార్థాలు ఎండ తగిలితే చర్మాన్ని కాలుస్తాయి. ఆ నలుపు పోవడానికి నెలలు పట్టొచ్చు.

పెద్దమ్మగారూ, కోప్పడకండి. మీ లిస్టులో బావంచాలు మాత్రం ముఖానికి వద్దు. వాటిలో సోరలెన్ ఉంటుంది, అది చర్మానికి ఎండ పట్టేలా చేస్తుంది. బొల్లి మచ్చలకి డాక్టర్లు సోరలెన్ మందు ఇచ్చి, కొలిచిన అతినీలలోహిత కాంతి కింద పెడతారు. రంగు మళ్లీ రావడానికే ఆ వైద్యం. మన మిట్టమధ్యాహ్నం ఎండని ఎవరూ కొలిచి ఇవ్వరు. ఉన్న రంగు పోకూడదనుకునేవాళ్లు ఇది రాసుకుని బండి మీద ఆఫీసుకి పోతే జరిగేది రివర్సే, ముఖం నల్లబడుతుంది.

రాజాం పెద్దమ్మ (రాజాం)

కోపం ఎందుకు బాబూ. మా అత్తగారు వేసేవారు, మేమంతా రాసుకున్నాం, మాకేమీ కాలేదు. కానీ ఒకటి. అప్పట్లో సున్నిపిండి అంటే భోగికో దీపావళికో, లేదంటే ఆదివారం తలంటుకో. స్నానం చేశాక జుట్టు ఆరేదాకా ఇంట్లోనే ఉండేవాళ్లం. ఇప్పుడు గుంటలు ముఖం కడుక్కున్న తడి ఆరకుండా ఎండలో పడుతున్నారు. సరే, ముఖానికి తీసెయ్యండి. వట్టివేళ్లు మాత్రం ఎవరు చెప్పినా తీయను.

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

చాలా థాంక్సండీ అందరికీ. మరి ముఖానికి మాత్రమే అయితే పెద్దమ్మగారి లిస్టులోంచి ఏవి ఉంచాలి? ఇన్ని రకాలు తెచ్చి మర పట్టించడం నాకు కష్టం. మిక్సీలో అవుతుందా?

పొందూరు నేత (పొందూరు)

మిక్సీలో బేషుగ్గా అవుతుంది, జల్లెడ దగ్గరే తేడా. మర పిండైనా, మిక్సీ పిండైనా మామూలు జల్లెడ పట్టి ముఖానికి రుద్దితే గరుకే. కొంచెం తడిపిన పిండిని బొటనవేలికి, చూపుడువేలికి మధ్య పెట్టి నలిపి చూడండి, ఇసుకలా పలుకు తగిలితే ముఖానికి పనికిరాదు. మొటిమలున్న చోట ఆ పలుకులు గీరుకుని ఎర్రబడతాయి.

మా ఇంట్లో అయితే పాత ఖాదీ పంచె ముక్కతో వడకడతాం. ఉతికి ఉతికి మెత్తబడ్డ గుడ్డ కావాలి. స్టీలు గిన్నె మూతికి వదులుగా, మధ్యలో కొంచెం లోతుండేలా కట్టాలి. అందులో రెండు చెంచాల పిండి వేసి గిన్నె అంచు మీద వేళ్లతో తట్టాలి. చేత్తో రుద్దితే పలుకులు గుడ్డలోంచి తోసుకుపోతాయి, అందుకని తట్టడమే. గిన్నెలోకి దిగేది పౌడర్‌లా ఉంటుంది. గుడ్డలో మిగిలేది పెసర పొట్టు, పసుపు పీచు, వేళ్ల నార. దాన్ని పారెయ్యక్కర్లేదు, మోచేతులకి, మడమలకి వాడుకోండి.

ఓపిక కావాలి. పావుకిలో పిండికి ఒక సీరియల్ ఎపిసోడ్ అయిపోతుంది. వాలుగ చేప దవడతో పత్తి ఏకే ఊరు మాది, మాకిది పెద్ద పని అనిపించదు.

కొత్త ఖాదీ మాత్రం దీనికి చింపకండి, నేసినవాళ్ల ఉసురు తగులుతుంది 🙂

ఫార్మసీ తమ్ముడు (విజయనగరం)

నాగావళి గట్టుగారూ, ముఖానికైతే నా లెక్క ఇది: ఒక కప్పు పెసలు లేదా చాయపెసరపప్పు, రెండు చెంచాల బియ్యం. అంతే. ఇష్టమైతే ఎండిన గులాబీ రేకులు, పెద్దమ్మగారి వట్టివేళ్లు వాసనకి. పసుపు పావు చెంచా దాటొద్దు, లేకపోయినా నష్టం లేదు. శనగపిండి జిడ్డు ఇంకా గట్టిగా లాగుతుంది, మీ బుగ్గలు పొడిబారుతున్నాయన్నారు కాబట్టి వద్దనుకుంటా. ముల్తానీ మట్టి కూడా అంతే.

పొడి ఎప్పుడూ పొడిగానే ఉంచండి. ఒక చెంచా అరచేతిలో వేసుకుని, నీళ్లు కలిపి పల్చటి జావలా చేసి, అర నిమిషం వేళ్ల కొసలతో తిప్పి కడిగెయ్యండి. ప్యాక్‌లా ఎండనివ్వొద్దు, ఎండితే మళ్లీ అదే బిగుతు. రాత్రి ఒకసారి చాలు, పొద్దున్న ఉత్త నీళ్లతో కడుక్కోవచ్చు. ఇంట్లో ఎవరికైనా పప్పుల అలర్జీ ఉంటే ముందు మోచేతి మడత దగ్గర రాసి ఒక రోజు చూడాలి.

సీసాలో నెలంతా అన్నావిడ మాట వినకండి. నీళ్లు, కలబంద గుజ్జు, గులాబీ నీళ్లు, ఏదైనా తడి ఉందంటే సూక్ష్మజీవులకి భోజనం పెట్టినట్టే. విటమిన్ ఈ నూనెలకి ముక్క వాసన రాకుండా కాపాడుతుంది, బ్యాక్టీరియాని ఆపదు. వేపాకు వేశాం కాబట్టి పాడవదు అనుకోవడమూ తప్పే. కంపెనీ సీసాలో ఉండే ప్రిజర్వేటివ్ మన ఇంట్లో ఉండదు. తడిగా చేసుకుంటే ఫ్రిజ్‌లో పెట్టి రెండు రోజుల్లో అవగొట్టాలి.

టెక్కలి కోడలు (టెక్కలి)

మీరంతా పెసరపిండి మంచిదంటున్నారు, నాకు అదే మంట పుట్టిస్తోంది. శనగపిండీ పడలేదు, పెరుగూ పడలేదు, ఉత్త గులాబీ నీళ్లకి కూడా చిమచిమ. ఎండలోకి వెళ్తే బుగ్గలు ఎర్రగా కాలిపోతాయి. ఇదివరకు ఇలా లేదు. నాది సెన్సిటివ్ స్కిన్ ఏమో.

ఫార్మసీ తమ్ముడు (విజయనగరం)

అక్కా, ఒక్కటి అడుగుతాను. ముఖానికి ఏదైనా క్రీము వాడుతున్నారా? తెల్లబడడానికో, మంగు మచ్చలకో? ట్యూబు మీద చిన్న అక్షరాల్లో పేర్లు చూసి చెప్పగలరా?

టెక్కలి కోడలు (టెక్కలి)

మంగుకి ఒక షాపులో ఇచ్చారు తమ్ముడూ, చీటీ ఏమీ లేదు. మొదట్లో బాగా తేట వచ్చింది. మానేస్తే మళ్లీ నల్లబడి, గుల్లలు వస్తున్నాయని మానలేదు. హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్, మొమెటసోన్ అని ఉంది.

ఫార్మసీ తమ్ముడు (విజయనగరం)

అనుకున్నాను. మొమెటసోన్ స్టెరాయిడ్. ఈ మూడూ కలిసిన క్రీము డాక్టరు చూస్తూ ఉండగా కొద్ది వారాలు వాడేది. చీటీ లేకుండా ఇవ్వకూడదు. అదే పనిగా వాడితే చర్మం పల్చబడి సన్నటి రక్తనాళాలు పైకి కనిపిస్తాయి, ఎండకి తట్టుకోదు, ఏది తగిలినా మంటే. ఆపితే ఎర్రబడి గుల్లలు రావడం కూడా దాని పనే. అందుకే జనం ఆపలేక మళ్లీ మళ్లీ కొంటారు.

పెసరపిండిది తప్పు లేదు, ఇప్పుడు మీకు ఇంటి వైద్యాలేవీ వద్దు. చర్మం డాక్టరుకి ఆ ట్యూబు తీసుకెళ్లి చూపించండి. మీ అంతట మీరు ఒక్కసారిగా మానేయకుండా ఎలా తగ్గించాలో ఆయన్నే అడగండి. అప్పటిదాకా చల్లటి నీళ్లు, వాసనలేని మాయిశ్చరైజర్, ఎండలోకి గొడుగు.

రాజాం పెద్దమ్మ (రాజాం)

తల్లీ, వెంటనే వెళ్లు. మంగుకి ఎవరూ ఏమీ అనరు, ముఖం కాలితే మాత్రం బాధ నీదే.

సీతంపేట కొండదారి (సీతంపేట)

పసుపు మాట వచ్చింది కాబట్టి. షాపుల్లో విడిగా అమ్మే పసుపు పొడి ముఖానికి వాడకండి. రంగు కోసం మెటానిల్ ఎల్లో, లెడ్ క్రోమేట్ కలిపే వాళ్లున్నారు. లెడ్ అంటే సీసం, విషం. గ్లాసు నీళ్లలో అర చెంచా పసుపు వేసి కలపకుండా వదిలెయ్యండి. మంచి పసుపు అడుక్కి దిగుతూ నీళ్లకి లేత రంగే ఇస్తుంది. కల్తీదైతే దిగుతుండగానే నీళ్లు ముదురు పసుపు పచ్చగా అయిపోతాయి.

మా ఏజెన్సీ సంతల్లో కొమ్ములే దొరుకుతాయి, అవి కొని దంచుకోండి. కస్తూరి పసుపని చెప్పి కచ్చూరం కొమ్ములు అంటగడుతుంటారు, తెలిసినవాళ్లని తోడు తీసుకెళ్లండి.

కుంకుడుకాయలు, శీకాయ, తేనె జీసీసీ (గిరిజన సహకార సంస్థ) వాళ్లు మా గిరిజనుల దగ్గర కొని వాళ్ల డిపోల్లో అమ్ముతారు. కుంకుడు నురగతో ముఖం కడిగేవాళ్లు కూడా ఉన్నారు, కంట్లో పడితే ఆ రోజంతా పని ఉండదు. తలకే వాడండి.

కోట జంక్షన్ కుర్రాడు (విజయనగరం)

మగవాళ్లు వాడకూడదని రూలేమీ లేదు కదా? సిరిమానోత్సవం రోజు మూడు లాంతర్ల దగ్గర పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడి ఇంటికొస్తే ముఖం మీద చెమట, దుమ్ము, జనం చల్లిన పసుపు అన్నీ కలిసి పెద్ద పొరే కట్టింది. మా అమ్మ పెసరపిండి ఇచ్చింది, పోయింది. గడ్డంలో మాత్రం పిండి ఇరుక్కుని ఆరాక చుండ్రులా రాలింది. గడ్డం ఉన్నవాళ్లు ఏం చెయ్యాలి?

పొందూరు నేత (పొందూరు)

గడ్డం తీసెయ్యాలి తమ్ముడూ 😄

లేదంటే ఆ పిండినే గుడ్డలో మూటకట్టి, నీళ్లలో నానబెట్టి పిండు. వచ్చే పాలలాంటి నీళ్లతో కడుక్కో. షేవింగ్ చేసిన వెంటనే మాత్రం ఏ పిండీ వద్దు.

పలాస జీడితోట (పలాస)

ఇదంతా చదువుతుంటే ఐడియా వచ్చింది. మా డ్వాక్రా సంఘంలో పదిమందిమి ఉన్నాం. పొందూరు నేతగారు చెప్పినట్టు గుడ్డ వడకట్టి, చిన్న ప్యాకెట్లు చేసి అమ్మితే? ఫోన్‌లో గ్రూపుల్లోనే ఆర్డర్లు వచ్చేస్తాయి.

ఫార్మసీ తమ్ముడు (విజయనగరం)

మంచి ఆలోచనే, కానీ లైసెన్సు చూసుకోండి. ముఖానికి, ఒంటికి శుభ్రం కోసమో అందం కోసమో అని చెప్పి అమ్మేది చట్టం దృష్టిలో కాస్మెటిక్. తయారుచేసి అమ్మాలంటే 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం, 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం రాష్ట్ర ఔషధ నియంత్రణ వాళ్ల దగ్గర లైసెన్సు తీసుకోవాలి. లేబుల్ మీద ఏమేం కలిపారు, బ్యాచ్ నంబరు, ఎప్పటిలోగా వాడాలి అన్నీ ఉండాలి. మొటిమలు పోతాయి, మంగు తగ్గుతుంది అని రాశారా, అప్పుడది మందు లెక్కలోకి పోతుంది, ఆ తలనొప్పి వేరే. ముందు మీ జిల్లా డ్రగ్ ఇన్‌స్పెక్టర్ ఆఫీసులో అడగండి.

పలాస జీడితోట (పలాస)

అమ్మో. సరే, ముందు మా ఇళ్లల్లోకి చేసుకుంటాం, అమ్మకం సంగతి సంఘంలో మాట్లాడి చూస్తాం.

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

అప్డేట్. చాయపెసరపప్పు, బియ్యం, గులాబీ రేకులు మిక్సీ పట్టాను, మా బామ్మ పాత పంచెతో వడకట్టాను. పసుపు వెయ్యలేదు. నురగ లేకపోతే కడిగినట్టే అనిపించలేదు మొదట్లో, అది అలవాటు పడాలి. బుగ్గలు బిగుసుకోవడం ఆగింది. ముక్కు మీద నూనె మాత్రం వస్తూనే ఉంది, కాకపోతే కొంచెం ఆలస్యంగా. మొటిమల్లో పెద్ద తేడా లేదు.

రెండు డౌట్లు. సన్‌స్క్రీన్ రాసుకుంటాను, అది పిండికి పోవడం లేదు, వేలితో గీస్తే తెల్లగా వస్తోంది. రెండోది, వానాకాలంలో ఈ పిండి ఎలా నిల్వ ఉంచాలి?

సైన్సు మాస్టారు (బొబ్బిలి)

నూనె రకం సన్‌స్క్రీన్ నీళ్లకి లొంగదు, నూనెకే లొంగుతుంది. ముందు రెండు చుక్కల నువ్వుల నూనె రాసి, తడిగుడ్డతో తుడిచి, తర్వాత పిండితో కడగండి. కొబ్బరినూనె మొటిమల ముఖానికి వద్దు, రంధ్రాలు మూసుకునేలా చేస్తుంది.

పిండికి మన తీరం గాలే శత్రువు. ఒకేసారి ఎక్కువ చెయ్యకుండా నెలకి సరిపడా చేసుకోండి. గాజు సీసాలో పోసి వంటగదిలో ఉంచండి, బాత్‌రూంలో వద్దు. తడి చేత్తో తీయకండి, పొడి చెంచా వాడండి. పురుగు కనిపించినా, ముక్క వాసన వచ్చినా, ఉండలు కట్టినా మొత్తం పారెయ్యండి. పైన బూజు తీసేసి మిగతాది వాడుకుందాం అనుకోవద్దు.

ఫార్మసీ తమ్ముడు (విజయనగరం)

మొటిమలకి ఏ పిండీ మందు కాదు. ముఖం శుభ్రంగా ఉంటుంది, అంతవరకే. తగ్గకపోతే బెంజాయిల్ పెరాక్సైడ్ లాంటివి ఉన్నాయి, డాక్టరు సలహాతో వాడొచ్చు. గట్టిగా, నొప్పిగా, గుంటలు పడేవి మొదలైతే ఆగకుండా వెళ్లండి.

కోట జంక్షన్ కుర్రాడు (విజయనగరం)

ఇంకో సంగతి ఎవరూ చెప్పలేదు. మా ఇంట్లో నలుగురూ ఈ పిండి మొదలెట్టాక వాష్‌బేసిన్ పైపు జామ్ అయింది. ప్లంబర్ తీస్తే లోపల గట్టి పెసరట్టే. ఓనరు గారు ఇంకా మా వంకే చూస్తున్నారు.

రాజాం పెద్దమ్మ (రాజాం)

బేసిన్‌లో ఎవరు కడుక్కోమన్నారు నిన్ను? పెరట్లో చెంబుతో కడుక్కో, ఆ నీళ్లు అరటి మొదట్లోకి పోతాయి. పెరడు లేకపోతే కింద బకెట్ పెట్టుకుని కడుక్కుని, ఆ నీళ్లు తులసికోటలో మాత్రం పొయ్యకుండా వేరే కుండీల్లో పోసెయ్.